కొత్త చిత్రిక

చెక్క బకెట్ మళ్ళీ కారింది. పలకల అంచులు ఎక్కడా కలవలేదు. ఆమె నీళ్ళు పారబోసి, నడుం పట్టుకుని కూలబడింది.

"అంచులు నునుపు చేద్దామంటే నీ చిత్రిక నా మాట వినదయ్యా. నీ ఎడమచేతికని చెక్కుకున్న పిడి అది. నా కుడి అరచెయ్యంతా బొబ్బలే."

భర్త మూలన చతికిలబడి ఉన్నాడు. పక్షవాతంతో అతని ఎడమచెయ్యి పడిపోయాక బకెట్ల పనంతా ఆమె నెత్తినే పడింది. అతను మాత్రం మోకాళ్ళ మధ్య మొద్దు ఇరికించుకుని, కుడిచేత్తో తంటాలు పడుతూ కొత్త చిత్రిక చెక్కుతున్నాడు.

అది చూసినప్పుడల్లా ఆమెకు ప్రాణం లేచొచ్చేది. కుడిచెయ్యి అలవాటు చేసుకుంటున్నాడు, ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే మళ్ళీ తనే పనిలోకి దిగుతాడు అనుకునేది.

"అయిపోయిందే, చూడు," అన్నాడతను.

ఆమె గబగబా లేచి అందుకుంది. పిడి ఆమె గుప్పిట్లో కొలిచి చేసినట్టు ఇమిడిపోయింది.

"ఇంత చిన్న పిడి నీ చేతికేం చాలుతుందయ్యా?"

"నాకెందుకే ఇంక? నీ కోసమే చేశా. బావుందా?"

అతని మొహం వెలిగిపోతోంది.

"చాలా బావుంది," అంటూ ఆమె బకెట్ పలకల్ని బిగించిన ఇనప పట్టీ ఊడదీసి, మొదటి పలక అందుకుంది.