శిఖరం ముద్ర

ఫుజి కొండ ఎనిమిదో మజిలీలో మా సెక్షన్ హెడ్ కురమొచి గారు బెంచీ మీద కూలబడి, తన చేతికర్ర నాకిచ్చారు. దాని మీద ఎక్కినట్టు గుర్తుగా మజిలీకొకటి చొప్పున కాల్చిన ముద్రలున్నాయి. శిఖరం ముద్రే తక్కువ.

"నీ కర్రతోపాటు దీనిక్కూడా వేయించుకురామ్మా, తొకునో."

"మీరు రారా సార్?"

"మోకాలు రానంటోంది. సోమవారం డైరెక్టర్ గారికి చూపించకపోతే నా ప్రమోషన్ పోయినట్టే. ఆయన గదిలో కర్ర చూశావుగా? శిఖరం ముద్ర ఎంత నల్లగా ఉందో. మనిషంటే అలా ఉండాలి."

"చూశాను సార్. పోయినేడాది దాన్ని పైకి మోసింది నేనే. ఆయన ఇదే బెంచీ మీద కూర్చున్నారు."

కురమొచి గారు చెయ్యి చాపి నా చేతిలో ఉన్న తన కర్ర పట్టుకున్నారు. వెనక్కి తీసుకుంటారేమో అనుకున్నాను.

"అయితే," అన్నారు గొంతు తగ్గించి, "నాది కాస్త లేతగా కాల్చమను. డైరెక్టర్ గారి ముద్రని మించితే బాగుండదు."