గుండీల మొక్క

"దొంగ! దొంగ!"

టైలరు కేకలకు వాటాల వాళ్లంతా మెట్ల దగ్గర పోగయ్యారు.

మేడమీదావిడ చేతిలో పిడి విరిగిన టీ కప్పు. అందులో గులకరాళ్లు, వాటి మధ్య ఓ చిన్న మొక్క.

"అది మా ఆవిడ మొక్క! ఎక్కడికి పట్టుకెళ్తున్నారు?"

ఆవిడ కప్పును కొంగు చాటుకు జరిపింది.

"చూడండి, దొంగకు తేలు కుట్టినట్టు ఎలా నిలబడిందో!"

కప్పు అతని చేతిలో పెట్టి, ఆవిడ తలొంచుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది. అడుగుల చప్పుడు వినిపించదని అంతా ఆవిణ్ణి పిల్లి అనేవారు. ఆ రోజు నుంచి దొంగపిల్లి అన్నారు.

టైలరు కప్పును వరండాలోంచి లోపలికి మార్చి, కుట్టుమిషను పక్కన పెట్టుకున్నాడు.

భార్య పోయాక అతనికి మిగిలింది ఆ మొక్కే. ఆకుల్లేవు, కొమ్మల్లేవు. చొక్కా గుండీలంత పచ్చటి బుడిపెలు, అంతే. ఎండలు ముదిరితే ఉల్లిపొరలాంటి తోలు కప్పుకుని పడుంటుంది. చలి మొదలవగానే ఆ పొర చీల్చుకుని కొత్త గుండీలు బయటికొస్తాయి.

"ఎండాకాలం అది నిద్రపోతుందండీ. నీళ్లు పొయ్యకండి," అని మేడమీదావిడ ఒకసారి చెప్పి చూసింది.

"గొంతెండి చస్తుంటే చూస్తూ కూర్చోమంటారా?" అని కసిరాడు.

వేసవంతా పొద్దున్నే గ్లాసుడు నీళ్లు పోశాడు. ఏటా పోస్తూనే ఉన్నాడు, ఏటా గుండీలు వస్తూనే ఉన్నాయి. "అంతా నా చేతి చలవ!" అని బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయేవాడు.

ఈసారి చలి వచ్చింది. పొర మాత్రం చీలలేదు.

గోటితో గిల్లి చూశాడు. లోపలంతా కుళ్లిన గుజ్జు.

"ముట్టుకుంది కదా మహాతల్లి! ఆ చేతి పాపమే ఇది!" అని మేడవైపు చూసి తిట్టాడు. భార్య మళ్లీ పోయినట్టు ఏడ్చాడు.

కొన్నాళ్లకే మేడమీదావిడ ఆస్పత్రిలో పోయింది. నా అన్నవాళ్లు లేరు. గది ఖాళీ చెయ్యాలి, సాయం రమ్మని ఇంటి ఓనరమ్మ పిలిస్తే టైలరు మొహం మాడ్చుకునే వెళ్లాడు.

కిటికీ గట్టు మీద చిన్న చిన్న కుండీలు. అన్నింట్లోనూ పచ్చటి గుండీలు.

"అమ్మ దొంగా! మా మొక్కని ఎప్పుడో కొట్టేసిందన్నమాట!"

ఓనరమ్మ చేతిలో చీపురు పక్కన పడేసింది.

"ఊరుకో అన్నయ్యా, పోయినావిణ్ణి ఆడిపోసుకోకు. ఇంకెందుకు దాచాలిలే, చివర్లో నాతో చెప్పింది. నీ కప్పులో చచ్చినదాన్ని తీసేసి, ఏటా కొత్త పిలక నాటింది ఆవిడే. 'మా ఆయన ప్రేమకొద్దీ నీళ్లు పోసి చంపేస్తాడు, తన చేతుల్లోనే పోయిందని మాత్రం ఎన్నటికీ తెలియనివ్వకు' అని పోయేముందు మీ ఆవిడే ఒట్టు వేయించుకుందట."