ఎడమ మోకాలు

“తెగలేదు సార్,” అంది ఆ అమ్మాయి.

పరీక్ష గదిలో బల్ల మీది కుక్కని పట్టుకుని నిలబడ్డ అటెండరు కళ్ళు పెద్దవి చేశాడు. పశువైద్య కళాశాల మొత్తాన్నీ హడలగొట్టే పెద్దసారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఎదుటివాళ్ళు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషాయన.

“ఇంకోసారి చెప్పు.”

“ఎడమ మోకాల్లో లిగమెంటు తెగలేదు సార్. బాగానే ఉంది.”

“నీకంటే ముందు ఏడుగురు వచ్చారు. ఏడుగురూ తెగిందన్నారు. అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! ఈ ప్రాక్టికల్‌కి నువ్వు రావడం ఎన్నోసారి?”

“మూడోసారి సార్.”

“నాలుగోసారి ఉండదు. తెలుసుగా?”

తెలుసు. ఈసారి కూడా తప్పితే పుస్తకాలు సర్దుకుని ఇంటికి పోవడమే. అందుకే గుమ్మం దగ్గర అటెండరు జాలిపడి చెవిలో ఊదాడు. “ఎడమ మోకాలు తల్లీ! లిగమెంటు తెగిందని చెప్పెయ్, గట్టెక్కుతావు.” అటెండరు మాట ఏ ఏడూ తప్పింది లేదు. ఆ జవాబు ఆమె నోటిదాకా వచ్చింది కూడా. వేళ్ళే ఒప్పుకోలేదు.

ఇప్పుడూ అటెండరు సారు చూడకుండా ఎడమ కాలివైపు కనుబొమలు ఎగరేస్తున్నాడు, పాపం.

“సరే, చేసి చూపించు,” అన్నారు సారు.

ఆమె ఒక చేత్తో కుక్క తొడ ఎముకని కదలకుండా పట్టుకుని, ఇంకో చేత్తో మోకాలి కింది ఎముకని ముందుకి నెట్టింది. ఆ రెండిటినీ కట్టి ఉంచే లిగమెంటు తెగితే, కింది ఎముక బల్ల సొరుగులా ముందుకి జారుతుంది. జారింది, కొంచెం.

“జారిందిగా!” సారు గొంతు ఖంగుమంది. “ఇక్కణ్ణుంచే కనపడింది నాకు. ఇంకా తెగలేదంటావా? నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళా?”

“కుందేలు సంగతి తెలీదు సార్. ఈ మోకాలు మాత్రం జారి టక్కున ఆగింది. తెగిపోతే అలా ఆగదు, మెత్తగా పోతూనే ఉంటుంది. ఒక్క నిమిషం సార్, కుడికాలు కూడా చూస్తాను.”

“కుడికాలు దేనికి? అది బాగున్న కాలు.”

“బాగున్న కాలే ముందు చూడమన్నారు సార్ మీరు. మొదటి క్లాసులోనే.”

అటెండరు ‘అయిపోయింది’ అన్నట్టు పైకి చూశాడు. అమ్మాయి కుడి మోకాలు పట్టుకుని నెట్టింది. అదీ అంతే జారింది. అంతే టక్కున ఆగింది.

“సార్! రెండూ ఒకటే!” అరిచినంత పని చేసింది. కుక్క పెదవి ఎత్తి దాని పళ్ళు చూసింది. ఒక్క గార మరక లేదు. “దూడంత ఉంది గానీ ఇది ఇంకా పిల్ల సార్! ఏడాది కూడా నిండి ఉండదు. ఈ వయసులో కీళ్ళు కాస్త వదులుగానే ఉంటాయి. అందుకే ఆ మాత్రం జారుతోంది. మోకాలికి వాపు కూడా లేదు!”

“ఎనిమిది నెలలు,” అన్నారు సారు నెమ్మదిగా. వెంటనే సర్దుకుని, “అయితే ఎందుకు కుంటుతోంది? సరదాకా?” అని గద్దించారు.

ఆమె మళ్ళీ ఎడమకాలు పట్టుకుంది. తుంటి కదిపి చూసింది. చీలమండ వంచి చూసింది. కుక్క హాయిగా తోక ఊపింది. ఆమె చెయ్యి పాదం మీదికి దిగింది.

“పాదం ముట్టుకోకు! దానికి నచ్చదు.”

అప్పటికే ముట్టుకుంది. కుక్క కుయ్యోమంది.

“గట్టిగా పట్టుకో తాతా!” అందామె. అటెండరు కుక్కని కావలించుకున్నాడు. అతనికీ హుషారు పుట్టుకొచ్చింది. “అదిగో, ఆ రెండు వేళ్ళ మధ్య చూడు తల్లీ, ఎర్రగా ఉంది!”

ఆమె బొచ్చు పాయలు తీసి, చిన్న పటకారుతో పట్టి, ఊపిరి బిగబట్టి లాగింది. గోరంత గాజుపెంకు ట్రేలో టింగుమని పడింది.

పాదం తుడిచి కుక్కని కిందికి దించారు. అది రెండడుగులు అనుమానంగా వేసింది. మూడో అడుగుకి కుంటడం మరిచిపోయింది. ఇక గదంతా దానిదే! అటెండరు పరీక్ష సంగతి మరిచి చప్పట్లు కొట్టాడు. అమ్మాయి కూడా గెంతేదే, సారు మొహం చూసి ఆగిపోయింది.

ఆయన మొహం నల్లగా మాడిపోయింది. జేబులోంచి ఫోను తీశారు. ప్రిన్సిపాలుకే చేస్తున్నారు, తన పేరు కొట్టెయ్యమనడానికే అనుకుంది ఆమె.

“ఏమోయ్,” అన్నారు సారు ఫోనులో, గొంతు బాగా తగ్గించి. “రేపు మన బుజ్జిగాడికి ఆపరేషన్ లేదులే... అవును, మోకాలు చూసింది నేనే, తెగిందన్నదీ నేనే... ఇదిగో, ఇప్పుడే ఒక అమ్మాయి నన్ను ఫెయిల్ చేసింది.”