ఒక్క బిందె

కింది గూడేనికి బోరు ఆగింది నిధిలో డబ్బు లేక కాదు. మోటారుకిచ్చిన అప్పు ఈ ఊరు తిరిగి కట్టేదాకా అక్కడ బోరు వేయకపోతేనే వీళ్లు దారికొస్తారని ఆపింది తనే. నీటి పథకాల అప్పులు చూసే ప్రభు, అదే సరైనదని మళ్లీ అనుకుంటూ, బాకీ పడ్డ ఈ ఊరి మోటారు గదికి వేయడానికి తాళం పట్టుకుని వచ్చాడు.

"ఈ ఒక్క బిందె నిండనియ్యి సారూ, తర్వాత ఏసుకో," అంది పంపు కింద బిందె పెట్టిన ముసలి అంతోనమ్మ.

"పొద్దుట్నుంచి ఏం చేసినవ్ పెద్దమ్మా?"

"ఇంట్లకు పట్టుకున్న. ఇది కింది గూడెంల నా మనవరాలికి."

"పాప తల్లి రాలేదా?"

"వాగు నీళ్లు తాగి, వాంతులు పట్టి, పోయిన వానల్ల సచ్చిపోయింది నా బిడ్డ. తప్పు మాదే సారూ. మేం కట్టుంటే ఆళ్లకు బోరు పడుతుండె. నువ్వేం జేస్తవ్?"

బిందె నిండింది. ఎత్తుకోవడానికి ఆమె వంగింది.

తాళం జేబులో వేసుకుని, ఆ బిందెను తన భుజానికెత్తుకుని, ప్రభు కింది గూడెం దారి పట్టాడు.