ఒడ్డు లేని ఆట

"చచ్చిపోయినోణ్ణి వలేసి పట్టి పోట్లాటకు దించమని నీకెవరు చెప్పినారు కిషోరా?"

పేరమ్మ తన బావగారి కొడుకు కిషోర్‌ను రెండోసారి అడిగింది. ఏదో విదేశీ ఫోన్ ఆట మీది అభిమానంతో, వింత జీవులను పట్టి పోట్లాడించే మరో ఆటను అతను సొంతంగా తయారుచేశాడు. ఫోన్ తెర మీద సముద్రంలోంచి కళ్ళు లేని మనిషొకడు లేచాడు. అతని నీలం చొక్కా భుజాన, పేరమ్మ చనిపోయిన తన భర్త మాల్యాద్రి చొక్కాకు వేసిన ఎర్ర మాసికే ఉంది.

"అందరూ జడుసుకునేది ఇక్కడే పిన్నమ్మా. నా ఆటకు పేరొచ్చిందే దీంతో."

"మీ చిన్నాయన శవం వలలో పడిన రోజు మీ నాయన చేపలన్నీ సముద్రంలోనే వదిలేసి, ఆయన్ను మన బోగోలు ఒడ్డుకు తెచ్చినాడు. నీకు చొక్కా ఒకటే గుర్తుండాదా?"

"ఇది ఉత్త ఆట పిన్నమ్మా."

పేరమ్మ తెర మీద వేలితో వలేసింది. "సరే, పట్టినాను. ఒడ్డుకు చేర్చేదెట్ట?"

"ఒడ్డు లేదు. పట్టినాక పోట్లాడించడమే."

చేపల వేటకు పోయే ఇంట పుట్టి, శవాన్ని మళ్ళీ నీళ్ళలోకి దింపేవాణ్ణి పేరమ్మ ఇప్పుడే మొదటిసారి చూసింది. వాడు చదువుకున్నవాడని ఇన్నాళ్ళూ గౌరవించినందుకు ఆమెకు సిగ్గేసింది. ఫోన్ బోర్లించి లేచింది.

ఆ ఆట మీ ఫోన్‌లోనూ ఉంటే, జడుపు సరదా ఇక చాలించండి. ఇప్పుడే, ఈ కథ అచ్చయిన కార్డు కింద పెట్టకముందే, దాన్ని చెరిపేయండి.