మంట తెలియని కళ్ళు

మిరప యార్డులో కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళను గేటు దాటనివ్వడం మానేసి పదేళ్ళయింది. లేజరు చేయించుకున్న కళ్ళకే పని. చూపు కాస్త తగ్గగానే మళ్ళీ లేజరుకు పంపేస్తారు. తొడిమలు తీసే పనిలో ఉన్న సామ్రాజ్యం అనే ఆమెకు ఇప్పటికి మూడుసార్లయింది. అన్నిసార్లు కోసి కంటి పైపొర నరాలు తెగిపోయాక కళ్ళకు ఘాటు తెలియడం మానేసింది. అందరిదీ అదే తంతు. ఇదీ ఒకందుకు హాయేనని ఆడవాళ్ళు మొహానికి గుడ్డ కట్టుకోవడం కూడా వదిలేశారు.

మొన్న పక్కన కూర్చున్న మార్తమ్మ ఉలిక్కిపడింది.

"అక్కా, నీ ఎడం కంట్లో తెల్లగా ఏందది? మండట్లా?"

"లేజరు కన్ను మండుద్దా ఎక్కడన్నా?" అంటూ సామ్రాజ్యం కారం చేత్తోనే నులుముకుంది.

డాక్టరు చూసి నిట్టూర్చాడు. "పుండుపడి వారం దాటిందమ్మా. మంట తెలిసుంటే మొదటిరోజే పరిగెత్తుకొచ్చేదానివి. ఈ కంటికి చూపు ఇక రాదు. రెండోదాన్నైనా కాపాడుకో."

ఎలా కాపాడుకోవాలో ఆయన చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి కూతురు సుభాషిణి పచ్చడికి ఎండుమిరపకాయలు వేయిస్తోంది. పొగకు ఆ పిల్ల కళ్ళు ధారలు కడుతున్నాయి. సామ్రాజ్యం పీట లాక్కుని పక్కనే కూర్చుంది.

"నీకు మండినప్పుడల్లా చెప్పవే. నేనూ కన్ను కడుక్కుంటా."

"ఇప్పుడే మండుతుందమ్మా, చచ్చేట్టు."

సామ్రాజ్యం చెంబెడు నీళ్ళతో మంచి కన్ను కడుక్కుంది. మంట తగ్గిందో లేదో కూతురి మొహం చూసి తెలుసుకుంది.

ఒంటికంటివాళ్ళకు యార్డులో పని లేదు. ఆ చోటు సుభాషిణికి ఇస్తామన్నారు. సోమవారం ఆ పిల్లకి లేజరు.