చేతులు చూపియ్యి

"మీ అందర్ల పెంటమ్మ ఎవరు?"

ఆ మాట చెవిన పడగానే తిమ్మమ్మ తల ఇంకా కిందికి వంచింది.

చేని గట్టు మీద ఎవరో ఆడమనిషి నిలబడి ఉంది. నలభై దాటి ఉంటాయి. కళ్లకు నల్లద్దాలు, చంకలో ప్లాస్టిక్ కవరు.

ఇటిక్యాల దగ్గర విత్తనాల కోసం పెంచే ఆ సీడు పత్తి చేనులో పన్నెండు మంది ఆడవాళ్లు క్రాసింగ్ చేస్తున్నారు. మగపూవు తెంపి ఆడపూవుకు రుద్దాలి, గుర్తుకు దారం కట్టాలి. ఎండ ముదరకముందే అయిపోవాల్సిన పని.

"ఆ పేరుతోని ఇక్కడ ఎవరు లేరు," అంది కూలీలను పిలుచుకొచ్చే రజిత.

నిజానికి ఉంది. తిమ్మమ్మే ఆ పెంటమ్మ.

పది రోజుల కిందట ఆమె ఎడమ కన్ను ఎర్రబడింది. వెలుతురు చూస్తే చాలు, సూదులతో గుచ్చినట్టయ్యేది. మండలంలో కంటి క్యాంపు పెడితే ఎవరికీ చెప్పకుండా పోయింది.

డాక్టరు కన్ను చూశాడు. చూసి, "చేతులు చూపియ్యమ్మా," అన్నాడు.

కంటికి చూపించుకోను పోతే చేతులు చూసే డాక్టరును తిమ్మమ్మ ఎన్నడూ ఎరగదు.

"పొద్దున లేవంగనే వేళ్లు బిగుసుకుంటయా?"

"క్రాసింగ్ చేసే చేతులు సారూ. నొయ్యకుంటె ఎట్ల?"

ఆయన నవ్వలేదు. రక్తం తీయించాడు.

అంతే, తిమ్మమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. రక్తం తీశారంటే ఏదో పెద్ద రోగమే. ఊళ్లో తెలిస్తే? చేను యజమాని మద్దిలేటికి తెలిస్తే? పోయినేడు కళ్లకలక వచ్చిన ఒకామెను ఆయన నడి సీజన్‌లో ఇంటికి పంపేశాడు. మళ్లీ ఆమెను కూలీల ఆటోలో కూడా ఎవరూ ఎక్కనివ్వలేదు.

అందుకే క్యాంపులో పేర్లు రాసుకునే అమ్మాయి అడిగితే నోటికొచ్చిన పేరు చెప్పింది. ఫోన్ నంబరూ ఉత్తదే. శుక్రవారం గద్వాల దవాఖానకు రమ్మంటే పోలేదు.

అప్పటి నుంచి మెడికల్ షాపులో కొన్న చుక్కలు వేసుకుంటూ, కొంగు కంటి మీదికి లాక్కుని, తల వంచుకుని పని చేస్తోంది. ఇంకో పదిహేను రోజులు ఆగితే క్రాసింగ్ అయిపోతుంది. అప్పుడు నిదానంగా చూపించుకోవచ్చు.

"పేరు ఏదైతేంది చెల్లె," అంటూ నల్లద్దాలామె చేనులోకి దిగింది. "జర అందరు చేతులు చూపియ్యిండ్రి."

"ఏందక్కా, జాతకం చెప్తవా?" అంది కూలీల్లో ఒకామె.

నవ్వుతూనే ఒక్కొక్కరూ చేతులు చాపారు. ఆమె వేళ్ల కణుపులు తడిమి చూసి ముందుకు జరుగుతోంది. ఒక సాలు అయింది. రెండో సాలు.

తర్వాత తిమ్మమ్మ వంతు. తన కణుపులు రేగుపండ్లలా ఉబ్బి ఉన్నాయి. రెండు చేతులూ మగపూల సంచిలో దూర్చేసింది.

"నీయి చెల్లె?"

భయమంతా కోపమై నోటి వెంట వచ్చింది.

"నా చేతులతోని నీకేం పని? ముందు నీ అద్దాలు తియ్యి! కండ్లకలక పెట్టుకొని చేన్లల్ల తిరుగుతవా? మాకందరికి అంటియ్యనీకొచ్చినవా?"

నవ్వులు ఆగిపోయాయి. కళ్లలోకి చూస్తే కళ్లకలక అంటుకుంటుందని అందరి నమ్మకం. ఆడవాళ్లు గబగబా ముఖాలు తిప్పుకున్నారు.

ఆమె చేయి అద్దాల దాకా పోయి ఆగింది. తీయలేదు.

"చూసిండ్రా, తీస్తలేదు!" అంది తిమ్మమ్మ.

"ఎవరమ్మా నువ్వు? నడువు, నడువు!" గట్టు మీద నుంచి మద్దిలేటి అరిచాడు.

ఆమె వెనుదిరిగింది. గట్టెక్కాక ఒక్కసారి ఆగింది.

"ఆ పెంటమ్మ కన్పిస్తె చెప్పుండ్రి. ఆమె కంటి నొప్పి కంట్ల పుట్టలేదు, కీళ్లల్ల పుట్టింది. సుక్కలతోని తగ్గదు. రేపే గద్వాల దవాఖానకు రావాలె. లేకుంటె కన్ను దక్కదు."

కీళ్లకూ కంటికీ ఏం సంబంధమని ఆడవాళ్లు నవ్వుకున్నారు. తిమ్మమ్మ కూడా నవ్వింది. పదిహేను రోజులే కదా అని కంటికి నచ్చజెప్పుకుంది.

కన్ను వినలేదు. తొమ్మిదో రోజు దారం ముడి వేస్తుండగా కంట్లో ఏదో చిట్లినట్టయి, వెచ్చని నీరు చెంప మీదికి కారింది.

గద్వాల దవాఖానలో అదే డాక్టరు. చాలాసేపు చూశాడు.

"నల్లగుడ్డుకు రంధ్రం పడిందమ్మా. ఈ కంటికి ఇగ చూపు రాదు. నీకు కీళ్లవాతం ఉంది. అదే నల్లగుడ్డు అంచును తినేసింది. ఇయ్యాల్టి నుంచి మందులు వాడితే రెండో కన్నన్నా కాపాడొచ్చు. నీ పేరేంది?"

"తిమ్మమ్మ." కొంగుతో చెంప తుడుచుకుంది. "క్యాంపుల పెంటమ్మను గూడ నేనే సారూ."

డాక్టరు రాస్తున్న పెన్ను ఆపాడు.

"నల్లద్దాలు పెట్టుకున్న మీ నర్సమ్మను నేనే ఎల్లగొట్టిన. ఆమె యాడుంది సారూ? కాళ్లు మొక్కుత."

"నర్సు ఎవరు? మేం ఎవర్నీ పంపలేదు. నీ రక్తం రిపోర్టు చూసి నీ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి తిట్టిండ్రు. ఆ రోజు మందుకని వచ్చిన బుచ్చమ్మ, నువ్వు చెప్పే నల్లద్దాలామె, అది విన్నది. 'పేరు ఏదో చెప్పి ఉంటది సారూ, చేతులు చూసుకుంట పోతె దొరుకుతది' అని తనే బయల్దేరింది. నాలుగు రోజులు చేనుచేను తిరిగింది."

"నేను అబద్ధం చెప్పినని ఆమెకెట్ల తెల్సు?"

డాక్టరు సొరుగులోంచి అలాంటి నల్లద్దాలే ఇంకో జత తీసి తిమ్మమ్మ చేతిలో పెట్టాడు.

"ఆమె గూడ క్రాసింగ్ కూలీనే. పని పోతదని భయపడి, మూడేండ్ల కింద ఇట్లనే క్యాంపుల వేరే పేరు రాయించి, ఒక కన్ను పోగొట్టుకుంది."